రెండో చట్టి

మా అమ్మ చేపల పులుసు ఎప్పుడూ రెండు చట్లలో వండేది. ఒకటి మా ఇంట్లో ఉండేది. రెండోది గోడ అవతల గాజులత్త ఇంట్లో దాక్కునేది. ఎందుకంటారా? మా నాన్న పగలగొట్టడానికి ఒకటి, తినడానికి ఒకటి. నవ్వకండి, నిజం.

చిట్టమూరు దగ్గర మా ఊరు. నాన్న బండి చక్రాలు చేసే వడ్రంగి. పనిలో ఆయనంత ఓపికమంతుడు లేడని ఊరంతా చెప్పుకునేది. ఇంటికొచ్చేసరికి ఆ ఓపిక ఏ గంగలో కలిసేదో! పులుసులో ఉప్పు ఒక పిసరు తగ్గితే చాలు, అన్నం ముందు నుంచి లేచి చట్టిని వాకిట్లోకి విసిరికొట్టేవాడు. మామిడికాయ ముక్కలు, చేప తలకాయ, అన్నీ మట్టిపాలు. కోళ్ళకు పండగ. ఆయన బయటికి పోయి బీడీ కాల్చుకుని వచ్చేలోపు అమ్మ గోడ మీదుగా రెండో చట్టి అందుకునేది. "గాజులొదిన పంపించినాది" అని వడ్డించేది. నాన్న మారుమాట లేకుండా తినేవాడు. అమ్మ చేతి రుచి గాజులత్త చేతికి ఎలా వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు.

గాజులత్త వాళ్ళు సాయిబులు. గాజుల వ్యాపారం. నాన్న ఆమెను అక్కా అనేవాడు, నాకు అత్త. సంత రోజున ఆమె ఇంటికి తాళం వేసి నాయుడుపేట పోయేది. ఆ రోజు రెండో చట్టికి చోటు లేదు. అమ్మ వణుకుతూ వండేది. విచిత్రం, ఆ రోజు మాత్రం చట్టి పగిలేది కాదు!

"చూసినావా, దిక్కులేని దినాన ప్రభువే కాపాడతాడు" అని నాతో చెప్పి కళ్ళు ఒత్తుకునేది. "మీ నాయన మనసు వెన్నే. ఆ కోపమొకటే ఆయన్ని మనిషి గాకుండా చేస్తాది."

మేం పేరుకు క్రైస్తవులం. క్రిస్మస్‌కు కొత్త బట్టలు, చావుకు పాస్టరయ్యగారు, అంతే. అరవైల మొదట్లో ఒక ఎండాకాలం గూడూరులో సువార్త కూటాలు జరిగితే నాన్న పందిరి గుంజలు పాతడానికి పోయాడు. పని అయిపోయినా అక్కడే కూర్చుని విన్నాడట. తిరిగొచ్చి బీడీలు పారేశాడు. కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడు. చట్లు పగలడం ఆగిపోయింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. అమ్మ మాత్రం రెండో చట్టి మానలేదు.

"కాలవలో ముంచితే కాకి కొంగవుతాదా?" అంది గాజులత్తతో. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు వదినా. ఇంకొన్నాళ్ళు దాచు."

మా గుడిలో సాక్ష్యం చెప్పేవాళ్ళకు ఒక అలవాటుండేది. ఎవరు లేచినా, "సైతాను నా చేత తాగించినాడు, సైతాను నా చేత కొట్టించినాడు" అని ఏడ్చేవాళ్ళు. మిగతావాళ్ళం స్తోత్రం అనేవాళ్ళం. పాపం, సైతానుకు మా ఊళ్ళో ఊపిరి సలిపేది కాదు. ఒక ఆదివారం నాన్న లేచాడు. సైతాను వంతు మళ్ళీ వచ్చిందనుకున్నాను.

"నేను కోపంలో చట్లు పగలగొట్టినానని అందురూ అనుకుంటా ఉండారు" అన్నాడు. "కోపం కాదు. రెండో చట్టి అక్క ఇంట్లో ఉండాదని నాకు మొదట్నుంచీ తెలుసు. అది ఉండాదని తెలిసే పగలగొట్టినా. అక్క సంతకు పోయిన రోజు కొట్టలా. ఆ రోజు కొడితే నేను పస్తుండాల గదా. ఆమె నన్ను చూసి వణుకుతా ఉంటే నాకు బాగుండేది."

పాస్టరయ్యగారే తేరుకుని అందుకున్నారు. "అంటే నాయనా, సైతాను నిన్ను మోసం చేసి..."

"కాదయ్యగారూ. సైతాను మా ఇంటి గడప తొక్కలా. నేనే."

ఎవరూ స్తోత్రం అనలేదు. నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అమ్మ వైపు చూడడానికి భయమేసింది. చూశాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు. లేచి నా రెక్క పట్టుకుని, అంతమంది మధ్యనుంచి బయటికి లాక్కొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం రక్షణ? చట్లు పగలడం ఆగింది చాలదా? ఆమెకున్న ఆ ఒక్క నమ్మకాన్నీ నలుగురిలో పగలగొట్టాలా?

అమ్మ నేరుగా గోడ దగ్గరికి పోయింది.

"వదినా, సంత రోజున నేను దండం పెట్టింది దేవుడికనుకుంటిని. ఈయన ఆకలికా!"

జరిగింది విని గాజులత్త "తోబా, తోబా" అని చెంపలు వేసుకుంది. అమ్మ ఏడవలేదు. పుట్టింటికి పోతానని బట్టలు మూటగట్టింది. అంతలో నాన్న వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"పోతానంటే ఆపను. బండి నేనే కడతా" అన్నాడు.

అమ్మ చివాలున లేచి, గాజులత్త దగ్గరి నుంచి రెండో చట్టి తెచ్చింది. ముందురోజు వండిన పులుసు. మా వైపు చేపల పులుసు మర్నాటికే రుచి. రెండు చట్లూ ఆయన ముందు పక్కపక్కన పెట్టింది.

"రెండూ ఇక్కడే ఉండాయి. దాచింది ఇంకేమీ లేదు. దేన్ని పగలగొడతావో కొట్టు."

నేను తలుపు చాటుకు పోయాను. నాన్న చట్ల వంక చూడలేదు. కింద కూర్చున్నాడు. అమ్మ కంచంలో అన్నం పెట్టి పులుసు పోసింది. ఎప్పుడూ వడ్డించి వంటింట్లోకి పారిపోయే మనిషి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆయన ముద్ద మింగేదాకా ఆగి, ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి నోట రానివ్వని మాట అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

ఓయమ్మో, ఎంత ధైర్యం! బాగుందని చెప్పు నాన్నా, ఒక్క అబద్ధమాడు, అని లోపలే మొక్కుకున్నాను.

"లేదు" అన్నాడు తల దించుకుని. "తగ్గింది."

"ఉప్పు గురుగు పొయ్యి పక్కన ఉండాది" అంది అమ్మ, కదలకుండా. "లేచి తెచ్చుకో."

నాన్న లేచాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేస్తే తర్వాత ఏం వినపడుతుందో నాకు తెలుసు. ఎంతసేపటికీ ఏమీ వినపడకపోతే కళ్ళు తెరిచాను. ఉప్పు గురుగు చేత్తో పట్టుకుని నాన్న తిరిగొస్తున్నాడు. అమ్మ రెండో కంచం తెచ్చుకుని, ఆయన ఎదురుగానే తనకూ అన్నం పెట్టుకుంటోంది.