పూజారి ఇవ్వని వరం

ఉప్పు లేకుండా కూర వండమన్నా వండేదాన్ని గాని, సామెత లేకుండా మాట్లాడటం నా వల్ల అయ్యేది కాదు, కొత్త కోడలిగా బాన్సువాడకు వచ్చిన ఆ కాలంలో. అక్షరం ముక్క రాదు. మా అవ్వ నోట విన్న సామెతలే నా చదువు. అత్తవారిది క్రైస్తవ కుటుంబం. నాకూ ప్రభువు మీద మనసు కుదిరి బాప్తిస్మం అడిగాను. పాస్టరయ్య (పక్కనున్న వర్ని వైపు స్థిరపడిన కోస్తా మనిషి, మంచివాడే, కాస్త చాదస్తం) ఒకటే షరతు పెట్టాడు: "సామెతలు పాత జీవితపు మాటలమ్మా. అవి మానుకో, ఇస్తాను." (బైబిల్లో సామెతల పుస్తకం లేదా అంటే, అవి వేరన్నాడు.) మానుకుందామనే చూశాను. కానీ రెండోసారి వాయిదా వేసినప్పుడు నోరు ఆగలేదు: "దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊకనే అన్లేదయ్యా!" ఇంకేముంది, మూడో వాయిదా. ప్రతి నెలా ప్రభువు బల్ల ఆరాధనలో, బాప్తిస్మం అయినవాళ్లకే ఇచ్చే రొట్టె పళ్లెం మా అత్త దగ్గర ఆగి, నా ముక్కు ముందు నుంచే పక్కావిడ దగ్గరికి పోయేది. "నోరు కట్టేసుకుంటే పళ్లెం అదే వస్తది," అని అత్త దెప్పేది. తల వంచుకుని కూర్చునేదాన్ని. ఆ క్షణం ఎంత కష్టంగా ఉండేదో ఆమెకేం తెలుసు.

ఒక ఆదివారం వాక్యం చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక అన్న వచ్చాడు. నైజీరియా దేశం, యొరుబా జాతి, అక్కడేదో చదువుకుంటున్నాడట. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, పాస్టరయ్య తెలుగు చేయడం. ఆ అన్న లేచీ లేవగానే, "మా వాళ్లంటారు, సామెత మాటకు గుర్రం. మాట తప్పిపోతే సామెతెక్కి వెతుక్కుంటాం," అన్నాడు. పాస్టరయ్య గొంతు సన్నబడింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన ఇక ఆ గుర్రం దిగితేనా! పిల్లవాడి చెయ్యి అటకకు అందదు, పెద్దవాడి చెయ్యి సొరకాయ బుర్రలో పట్టదు అని, నువ్వు నాకక్కర లేదని కన్ను చేతితో అనకూడదన్న వాక్యం చదివించాడు. బజారులోకి రాయి విసిరితే తగిలేది మన ఇంటివాళ్లకే అని, పాపం లేనివాడే మొదటి రాయి వెయ్యాలన్న ప్రభువు మాట దగ్గరికి తీసుకుపోయాడు. ఒక్కోదానికీ మా అవ్వ సామెత ఒకటి నా గొంతులో గోకుతోంది. చివరికి, "మీకూ ఉంటాయి కదా, ఒకటి చెప్పండి," అన్నాడు. సంఘమంతా నావైపే తిరిగింది. అత్త మోచేత్తో పొడిచింది: "చెప్పరాదే, అడిగేది దేవుని మనిషి. గిప్పుడేంది, మూగదానోలె!"

లేచాను. అన్ని సామెతల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు, నన్ను ముంచిన ఆ ఒక్కటి తప్ప. అనేశాను. పాస్టరయ్య ముఖం పండు మిరపకాయ. అబద్ధమాడలేని మనిషి, ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేశాడు. ఆ అన్న పగలబడి నవ్వి ఏదో అడిగాడు. పాస్టరయ్య తన గుండె మీద వేలు పెట్టుకుని జవాబిచ్చి, మావైపు తిరిగాడు. "ఆ పూజారి ఎవరని అడిగారు. నేనేనని చెప్పాను." అందరికంటే ముందు నవ్వింది ఆయనే. "వచ్చే ఆదివారం బాప్తిస్మానికి కాలువ దగ్గరికి రా తల్లీ," అన్నాడు.

ఆ ఆదివారం నేను కాలువ మెట్లు గబగబా దిగుతుంటే, "మెల్లగా! నిదానమే ప్రధానమమ్మా!" అని పాస్టరయ్య కేకేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. "మరి మీకెప్పుడయ్యా బాప్తిస్మం?" అన్నాను. ఒడ్డంతా నవ్వు. (నన్ను అందరికంటే కాస్త ఎక్కువసేపు ముంచాడని నాకిప్పటికీ అనుమానమే.) ఆ నెల పళ్లెం నా ముందు ఆగింది. ముక్క తీసుకుని, పళ్లెం నా చేత్తోనే పక్కావిడకు అందించాను.

ఈ వయసులో మనవరాలు నాచేత అక్షరాలు దిద్దిస్తోంది. "గిది గూడ రాదా నానమ్మా?" అని విసుక్కుంటే, నా చెయ్యి బుర్రలో పట్టదే అంటాను. అటక మీది బెల్లం డబ్బా మాత్రం దానికి అందదు. దించి పెడతాను, ఇద్దరం తింటూ కూర్చుంటాం.