రాగిలో ఒక ఖాళీ

మా నాన్న ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే అమ్మ, "ఇంట్లో కాపురం నాకొదిలేసి రాగి ముక్కల కాపురం చక్కబెడతారు" అనేది. లోహంలో ఒక పరమాణువు పక్కదాన్ని ఎంత లాగుతుందో, మరీ దగ్గరికొస్తే ఎంత నెడుతుందో చెప్పే సూత్రం రాయడం ఆయన ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళుగా అదే పరిశోధనశాల, అదే మూడో అంతస్తు గది. ఆ సూత్రాన్ని కంప్యూటరుకిస్తే తెరమీద లక్షల పరమాణువులు కదులుతాయి.

అమ్మ పోయి ఏడాదిన్నర. భోజనాల బల్లకు ఈ చివర నేను, ఆ చివర నాన్న, మధ్యలో అమ్మ కుర్చీ. ఒకసారి దాన్ని గోడవైపు జరిపితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. కిటికీలో అమ్మ కళ్ళజోడూ, సగం అల్లిన స్వెటరూ ఉన్నచోటే ఉండాలి. అమ్మ పేరు మాత్రం ఎత్తడు. నాకు ఊపిరాడక ఆఫీసు దగ్గర గది చూసుకున్నాను. ఒకటో తారీఖున వెళ్ళాలి. ఆ మాట చెప్పలేక వారం నాన్చాను.

ఆదివారం మధ్యాహ్నం భోంచేస్తూ నాన్న తన గోడు వెళ్ళబోసుకున్నాడు. నిండు రాగికి సూత్రం చక్కగా సరిపోతోందట. లోపలినుంచి ఒక్క పరమాణువును తీసి చూస్తే మాత్రం, ఆ ఖాళీ ఏర్పడ్డానికి పట్టే శక్తి ప్రయోగంలో కొలిచినదాని కన్నా ఎక్కువ వస్తోందట. మూడు వారాలుగా దాంతో కుస్తీ. చిన్నప్పట్నుంచీ విని విని నాకూ నాలుగు ముక్కలు వంటబట్టాయి.

"ఒకదాన్ని తీశాక మిగతావాటిని కదలనిచ్చావా నాన్నా?"

కంచంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. ఏదో పరీక్ష కోసం పొరుగు పరమాణువులను ఉన్నచోటే బిగించమని కంప్యూటరుకు ఆదేశమిచ్చి, దాన్ని తీసెయ్యడం మర్చిపోయాడు. చెయ్యి కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పావుగంటలో లెక్క కొలతకు దగ్గరపడింది.

"అయితే ఖాళీ పూడిపోయిందా?" అన్నాను.

"పూడదమ్మా. చుట్టూ ఉన్నవి కాస్త దాని వైపు జరుగుతాయి, అంతే."

ఆ మాటకు అమ్మ గుర్తొచ్చింది. అప్పుడే గది సంగతి చెప్పేశాను. ఆయన కాదనలేదు.

రాత్రి భోజనానికి వస్తే, ఆయన కుర్చీ అమ్మ కుర్చీని ఆనుకుని ఉంది. నా కంచం దానికి ఇటుపక్కన పెట్టాడు.

"మీ అమ్మ లేకుండా నాకు చేతకావట్లేదే," అన్నాడు.

"నాకూ చేతకావట్లేదు నాన్నా," అని నా కుర్చీ జరుపుకున్నాను.

ఒకటో తారీఖున నేను గదికి వెళ్ళలేదు. అమ్మ కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది.