నడిచే పిల్లలకు చోటు లేదు

గుండుగాడు నడక మొదలుపెట్టిన రోజున వాళ్ళమ్మ చేసిన మొదటి పని, వంటింటి కిటికీ మూసెయ్యడం. కన్నకొడుకు గోడ వదిలి, గ్యాస్ సిలిండర్ దగ్గర్నుంచి తన దాకా ఐదడుగులు వేసుకుంటూ వస్తే ఏ తల్లైనా వీధి వీధంతా వినబడేలా కేకేస్తుంది. ఈవిడ వాణ్ణి ఎత్తుకుని ముద్దులు పెట్టి, ఆ వెంటనే ఎవరైనా చూశారేమోనని కంగారు పడింది. సాయంత్రం ఫోన్ చేసిన మొగుడికి కూడా ఆ మాట చెప్పలేదు.

గుండుగాడు పుట్టకముందు ఆరేళ్ళపాటు ఆవిడ కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. షాపులో అందరికీ ఆవిడ అద్దాలమ్మాయి. బిడ్డ పుట్టాక ఆ పని పోయింది, పనితోపాటు ఆ పిలుపూ పోయింది. మొగుడు లారీ డ్రైవరు, నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే. మంచివాడే. "బాబు తిన్నాడా? పడుకున్నాడా? సరే, ఉంటా" అని రోజూ ఫోన్ చేస్తాడు. నువ్వు తిన్నావా అని అడగాలని అతనికి తోచదు. తోచనివాణ్ణి ఏమని తిడతాం! అమ్మ ఏనాడో పోయింది. అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. ఇక ఇంట్లో మిగిలింది ఒక్కడు, వాడికి మాటలు రావు. కొన్ని రోజులైతే పొద్దుగూకే వేళకి తన గొంతు తనకే కొత్తగా వినబడేది.

అలాంటి మనిషికి గురువారం గది దొరికింది. వీధి చివర ఆసుపత్రి మేడమీద, టీకాలు వేసే గది పక్కన, కొత్త తల్లుల కోసం వారానికి ఒక గంట. ఎనిమిది చాపలు, ఎనిమిది మంది తల్లులు. చాప ఖాళీ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని ఎదురుచూడాలి. ఆవిడా నెలరోజులు కూర్చుంది.

లోపలికి వెళ్ళిన మొదటి రోజు చేసిందల్లా నిద్రపోవడమే. కవలల తల్లి ఒకావిడ, తన ఇద్దరూ చాలనట్టు గుండుగాణ్ణి కూడా ఒళ్ళో వేసుకుని, "కాసేపు నడుం వాల్చమ్మా, వీడెక్కడికీ పోడులే" అంది. ఇరవై నిమిషాల తర్వాత కళ్ళు తెరిస్తే ఒంటి మీద ఎవరిదో దుప్పటి కప్పి ఉంది. అది చూసి భోరున ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు. ఆ చాపల మీద అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఏడ్చినవాళ్ళే.

విచిత్రమేమిటంటే, అక్కడ ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. చిట్టిదాని అమ్మ, గుండుగాడి అమ్మ, కవలలక్క, అంతే. ఫోన్ నంబర్లు కూడా ఎవరూ అడగలేదు. గురువారం ఎలాగూ వస్తుంది కదా అనుకున్నారు.

ఆ గదికి ఒకటే నియమం. పట్టుకోకుండా నాలుగడుగులు వేసిన బిడ్డకి చప్పట్లు కొట్టి, తల్లితో సహా సాగనంపేస్తారు. ఎప్పుడో నడకొచ్చిన పిల్లాడొకడు చాప మీది పసిగుడ్డు వేళ్ళు తొక్కేశాడట. అప్పట్నుంచీ పెద్ద నర్సు పట్టిన పట్టు వదల్లేదు.

అందుకే ఆ కిటికీ మూసింది. తర్వాతి గురువారాల్లో అద్దాల్లేని ఫ్రేమొకటి వాడి చేతికిచ్చి, గంటసేపూ ఒళ్ళోంచి కిందికి దించకుండా కూర్చుంది.

"పద్నాలుగో నెల వచ్చిందే, ఇంకా నడవడా?" అంది పెద్ద నర్సు.

"బద్ధకమండీ. వాళ్ళ నాన్న పోలిక."

పాపం ఆ నాన్న, సరిగ్గా ఆ వేళకి ఎక్కడో కొండదారిలో కంటికి కునుకు లేకుండా బండి తోలుతున్నాడు.

అబద్ధమాడటం తేలికే. దాన్ని ఎదుటివాళ్ళు నమ్మితేనే ప్రాణం మీదికొస్తుంది. చిట్టిదాని అమ్మ కాళ్ళకు మర్దన చెయ్యమని నూనె సీసా తెచ్చింది. కవలలక్క ఆ నూనెతో తానే వాడి పిక్కలు ఒత్తుతూ, "ఎముకల డాక్టరొకాయన గురించి కనుక్కున్నాను. వీడి సంగతి తల్చుకుంటే నాకు నిద్ర పట్టడం లేదే" అంది. గుండుగాడు దొరబాబులా కాళ్ళు పట్టించుకున్నాడు. వాళ్ళమ్మకు తలెత్తబుద్ధి కాలేదు. అయినా నోరు మాత్రం విప్పలేదు.

ఇక మెట్ల మీద ఒక అమ్మాయి ఉండేది. మూడో మెట్టు మీద నెలల బిడ్డతో కూర్చుని, "ఈ వారమైనా ఖాళీ అయిందా అండీ?" అని నర్సును అడిగేది. మొదటి వారం గుండుగాడి అమ్మ ఆ అమ్మాయి వంక చూడకుండా గబగబా ఎక్కేసింది. రెండో వారం చూసింది. ఆ అమ్మాయి కాళ్ళకు ఉన్నవి రెండు వేరు వేరు జతల చెప్పులు. ఒకటి నల్లది, ఒకటి నీలం. ఇంట్లోంచి ఎలా బయటపడిందో ఆ చెప్పులే చెప్తున్నాయి. ఒకప్పుడు తను కూడా రవిక తిరగేసుకుని ఆ మెట్టు మీదే కూర్చుంది.

నాలుగో వారం పెద్ద నర్సు ఎముకల డాక్టరుకు చీటీ రాసి తెచ్చింది. చీటీ అందుకుంటుంటే తలుపు సందులోంచి మెట్లు కనబడ్డాయి. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ అమ్మాయి బిడ్డను ఊరుకోబెట్టడం కూడా మానేసి, చప్పుడు లేకుండా తనూ ఏడుస్తోంది.

గుండుగాడి అమ్మ కొడుకుని కిందికి దించింది. "నడు నాన్నా" అంది.

వాడు ఇన్నాళ్ళ కసి తీర్చుకున్నట్టు ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, తిన్నగా కవలలక్క ఒళ్ళో పడ్డాడు. గది చప్పట్లతో మారుమోగింది. కవలలక్క వాణ్ణి గుండెకు హత్తుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా మర్దన పనిచేసిందే!"

ఆ కన్నీళ్ళు చూశాక ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు. "నెల నుంచీ నడుస్తున్నాడక్కా" అంది. "ఇక్కడికి రావడం మానేస్తే నాకు ఇంకెవరూ లేరు. అందుకే చెప్పలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. కవలలక్క వాణ్ణి మెల్లగా కిందికి దించింది. "అందరికీ చెప్పకపోతే పోయె. నాకు చెప్పాల్సింది" అంది, అని తన పిల్లల వైపు తిరిగింది. మళ్ళీ ఇటు చూడలేదు.

గుండుగాడి అమ్మ చీటీని నర్సు బల్ల మీద పెట్టి, సంచీ సర్దుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. ఏడాది స్నేహం, తలుపు దాటేసరికి అయిపోయింది.

"లోపల చాప ఖాళీ అయింది. వెళ్ళమ్మా" అంది మెట్ల మీది అమ్మాయితో.

ఆ అమ్మాయి లేచి, ఒకడుగు వేసి, భయంగా ఆగింది. "వాళ్ళు ఎలాంటివాళ్ళండీ?"

"మంచివాళ్ళు. వెళ్ళగానే నిద్రపో. ఎవరూ ఏమీ అనుకోరు." ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "నీ పేరేంటి?" అని అడిగింది.

ఆ అమ్మాయి చెప్పింది. చెప్పి, "మీ పేరు?" అంది.

ఆ ప్రశ్న గుండుగాడి అమ్మని ఎవరూ అడగక ఎన్నాళ్ళయిందో. గొంతు సవరించుకుని తన పేరు చెప్పింది.

"గంటలో వచ్చేస్తాను. అందాకా ఉంటారా అక్కా?"

"ఉంటాను."

తలుపు మూసుకుంది. ఆవిడ మూడో మెట్టు మీద కూర్చుంది. గుండుగాడు గోడ పట్టుకుని ఒక మెట్టు దిగాడు, మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు. ఆవిడ వాణ్ణి ఆపలేదు.