కప్పు ఊగని పడవ

ఆ పెద్దావిడ గురించి తెలుగులో చెప్పగలిగినవాళ్ళం ఇద్దరమే. నాతోపాటు ఆ ఇంట్లో పనిచేసిన వంటమనిషి నిరుడు కడపలో కన్నుమూసింది. ఇక నేను రాయకపోతే ఆ పడవ సంగతి మన భాషలో ఎక్కడా మిగలదు.

పందొమ్మిది వందల తొంభైల్లో దోహాలో ఒక ఇంటికి డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. శుక్రవారాలు ఇంటిల్లిపాదినీ సముద్రం మీదికి తీసుకెళ్ళాలని మా యజమాని మోటారు పడవ కొనబోయాడు. రెండు నచ్చాయి. పొడవు ఒకటే, ఇంజను ఒకటే, రంగూ ఒకటే, అడుగు మాత్రం వేరు. తల్లికి మోకాళ్ళ నొప్పులు. ఆమె సుఖంగా కూర్చోగలిగిందే కొంటానన్నాడు.

నేను లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని పడవల పుస్తకం చదివాను. అడుగు కొసదేలి ఉన్నది అలల్ని చీల్చుకుంటూ మెత్తగా పోతుంది, ఆగితే ఊగుతుంది. అడుగు చదునుగా ఉన్నది పరుగులో ఎత్తి పడేస్తుంది, ఆగితే నిలకడగా ఉంటుంది. బడి మధ్యలో మానేసినవాణ్ణి, అది తెలిసినందుకు ఎంత పొంగిపోయానో!

"ఏందన్నా, ఆ పడవ నువ్వు కొంటాండావా?" అంది వంటమనిషి.

"కొనేది ఆయన. చదివేది నేను."

"సదివి సదివి మునిగేవు, బద్రం."

రెండింటినీ నీళ్ళమీదే చూశాం. మొదటిదాంట్లో లంగరు వేశాక కొడుకు తల్లికి కాఫీ పోశాడు. అక్కడి మర్యాద ప్రకారం, తాగినవాళ్ళు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. అప్పటిదాకా పోస్తూనే ఉండాలి. ఆమె చేతిలో కప్పు ఊగింది. ఆయన కూజా దించేశాడు.

"చాలన్నది నేను కాదురా, సముద్రం!" అందామె. అందరం నవ్వాం.

రెండోదాంట్లో కప్పు కదల్లేదు. నడుములు విరుగుతాయని పిల్లలు గొణిగినా ఆయన అదే కొన్నాడు.

ఆ చలికాలమంతా ఆమె వచ్చింది. ఎండలు ముదిరేముందు ఒక శుక్రవారం, గాలే లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. ఆమె కాఫీ తాగింది. కప్పు ఊగింది.

"సముద్రమేనా, యుమ్మా?" అని కొడుకు నవ్వాడు.

ఆమె నీళ్ళకేసి చూసింది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుంది. అయినా ఊగింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"సముద్రమేరా. కాఫీ పొయ్యి," అంది.

ఆయన పోశాడు. సగం ఆమె ఒళ్ళో ఒలికింది.

వేసవి ఆసుపత్రిలో గడిచింది. మళ్ళీ చలి మొదలయ్యేసరికి ఆమె లేదు. పడవను ఆయన అమ్మలేదు, ఎక్కనూ లేదు.

పేర్లు రాస్తే వాళ్ళకు నచ్చదు. అందుకే ఇలా చెప్పుకుంటున్నాను. పడవల పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ మలయాళీ ఆయనకు, నన్ను ఎగతాళి చేస్తూనే నాతోపాటు ఏడ్చిన వంటమనిషికి, నన్నూ కొడుకా అని పిలిచిన ఆ తల్లికి, ఆ రోజు కూజా దించకుండా పోసిన కొడుక్కి నా కృతజ్ఞతలు.