పెళ్లికూతుళ్లకు చెప్పని పాఠం

లువాన్ష్యా గని కార్మికుల పేటలో ఎవరింట పెళ్లి కుదిరినా మొదటి కబురు బనలొంబేకే వెళ్లేది. లొంబే తల్లి అని ఆ పేరుకు అర్థం. పెళ్లికూతుర్ని గదిలో కూర్చోబెట్టి, డోలు వాయిస్తూ, పడకగది సంగతులతో సహా కాపురం మర్మాలన్నీ నేర్పే పెద్దామె. ముప్పై ఏళ్లుగా అదే పని. నడుము ఎలా తిప్పాలో, మొలపూసలు ఎలా గలగలమనాలో, మొగుడి అలసట ఎలా తీర్చాలో చేసి చూపించేది. ఇప్పుడు ఒక్కసారి నడుము తిప్పితే రెండు రోజులు మంచం దిగలేకపోతోంది.

ఆ మధ్యాహ్నం పాఠం ముగించుకొని వచ్చి, వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. అప్పుడొచ్చింది ఎంకండు. పదకొండేళ్ల కిందటి పెళ్లికూతురు. బజారులో ఎండుచేపలు అమ్ముతుంది.

"అమ్మా, నువ్వు చెప్పినవన్నీ పొల్లుపోకుండా చేశా. ఆయనకి హాయిగానే ఉంది. మరి నాకు?"

"నీకేంటే?"

"నేనూ అదే అడుగుతున్నా. ఆయన గురక పెడుతుంటే నేను పైకప్పు రేకులు లెక్కపెట్టుకుంటున్నా."

"ఎన్నున్నాయేంటి?"

"పద్నాలుగు."

ఇద్దరూ నవ్వారు. ముందు ఆగిపోయింది బనలొంబే నవ్వే. గనిలో పనిచేసి పోయిన తన మొగుడు గుర్తొచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఈ ప్రశ్న ఆయనకూ తట్టలేదు, తనకూ తట్టలేదు.

"నాకూ తెలీదే," అంది. శిష్యురాలితో ఆ మాట అనడం అదే మొదటిసారి. కాళ్లు తుడుచుకుంటూ, "పిల్లలు బడికెళ్లాక గడియ పెట్టుకో. నూనె రాసుకుని, నీ ఒంటికి ఎక్కడ బాగుంటుందో నీ చేత్తోనే చూసుకో. తొందరపడకు. ఊపిరి బిగబట్టకు," అంది.

"తప్పు కాదూ?"

"తప్పని నాకెవరూ చెప్పలేదు. ఒప్పనీ చెప్పలేదు."

ఎంకండు వెళ్లాక బనలొంబే తనూ గడియ పెట్టుకుంది. వందమంది పెళ్లికూతుళ్లకు నూనె రాసిన చేతులు తన ఒంటిని అంత నింపాదిగా తాకింది లేదు. మొదటిరోజు మధ్యలోనే నిద్రపట్టేసింది. నాలుగో రోజు ఒళ్లంతా ఒక్కసారి జల్లుమని, ఆపైన వదులైపోయింది. చాలాసేపు ఏడ్చింది. సంతోషమో, గడిచిపోయిన ఏళ్ల మీద దిగులో ఆమెకే అంతుపట్టలేదు.

రెండు వారాలకు ఎంకండు మళ్లీ వచ్చింది. "తెలిసిందమ్మా. కానీ ఆయనకెలా చెప్పను? సిగ్గేస్తోంది."

"నోరు రాకపోతే ఆయన చెయ్యి పట్టుకుని చూపించు. ఇక్కడ అను. మెల్లగా అను. చాలనిపిస్తే చాలు అను."

తర్వాతి ఆదివారం ఎంకండు మొగుడు చిషా గుమ్మంలోకొచ్చి, టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"అప్పుడే నన్నూ కూర్చోబెట్టి చెప్పకపోయావా అమ్మా! మా మగపెద్దలు సంపాదన గురించి తప్ప ఇంకేం చెప్పలేదు. పదకొండేళ్లు నేనేదో పెద్ద వీరుణ్ణనుకున్నా."

"గురకలో వీరుడివే," అంది బనలొంబే. వాడు తలొంచుకుని నవ్వాడు.

ఆ తర్వాతి పెళ్లిలో ఆమె పెళ్లికూతురికి ఈ పాఠమే ముందు చెప్పి, పెళ్లికొడుకునీ పిలవమంది. తోటి పెద్దామెలు డోలు కింద పెట్టేశారు.

"ముసలితనంలో మతి పోయిందా నీకు? ఆడది తన సుఖం అడిగితే కొంప నిలుస్తుందా?"

వాదించే ఓపిక లేక ఆమె చెప్పులేసుకుని ఇంటికొచ్చేసింది. ఆ ఏడాది మూడు పెళ్లిళ్లు జరిగితే ఒక్క ఇంటి నుంచీ పిలుపు రాలేదు. ఊళ్లో ఎదురుపడిన పెద్దామెలు ముఖం తిప్పుకునేవారు. బాధేసింది, నడుముకు మాత్రం కాస్త తెరిపి దొరికింది.

ఆమె ఒకనాడు నేర్పిన ఆడవాళ్లే ఒక్కొక్కరుగా రావడం మొదలెట్టారు. కొందరు మొగుళ్లను వెంటబెట్టుకొచ్చారు. చెప్పిందే చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయేది. అయినా తలుపు చప్పుడైతే, మంచంకోడు పట్టుకుని లేచి వెళ్లి తీసేది.