ఈశాన్యానికి తిప్పిన యాంటెన్నా

మా ఆయనకు సౌకార్‌పేటలో కరెంటు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉండేది. వారమంతా స్విచ్చులు, వైరు చుట్టలు, ఫ్యూజులు. ఆదివారం మాత్రం రేడియో. రేడియో అంటే పాటలు వినేది కాదు. ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకొని, ఇంట్లోంచే ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడే హామ్ రేడియో. మేం కాపురమున్న చూలైలో మా మేడ మీది గది నిండా ఆ సామానే. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, ఆయన గోడ వైపు తిరిగి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి వింతగా చూసేదాన్ని.

తొంభైల మొదట్లో ఆయనకు ఒక కోరిక పట్టుకుంది. విశాఖపట్నంలో ఆయనకో రేడియో స్నేహితుడు ఉండేవారు, ఓడరేవులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఇంట్లోని పెద్ద రేడియోలో ఇద్దరూ తరచూ మాట్లాడుకునేవాళ్ళు. దాని తరంగాలు ఆకాశం పైకి పోయి మళ్ళీ నేలకు దిగుతాయి కాబట్టి అంత దూరం దానికి కష్టం కాదు. వీహెచ్‌ఎఫ్ అనే చిన్న రేడియో అలా కాదు. దాని తరంగం చూపులాగా తిన్నగా పోతుంది, నాలుగు మేడలు అడ్డమొస్తే అక్కడితో సరి. అయితే ఎండలు ముదరకముందు, సముద్రం మీద గాలి కదలకుండా పొరలా పరుచుకునే కొన్ని పొద్దుల్లో, ఎత్తయిన కొండ మీంచి ప్రయత్నిస్తే, ఆ పొర వెంటే వందల కిలోమీటర్లు పోతుందట. అలా వైజాగ్‌తో మాట్లాడాలి, అదీ ఆయన కోరిక.

యాంటెన్నా ఆయనే చేసుకున్నారు. మా వీధి చివరి వర్క్‌షాపులో అల్యూమినియం కడ్డీలు కోయించి, విప్పి కట్ట కట్టుకునేలా మరలు పెట్టించారు. బిగిస్తే మేడల మీది టీవీ యాంటెన్నా లాగే ఉండేది, కాకపోతే మనిషి కన్నా పొడుగు. శనివారం కొట్టు మూశాక బస్సెక్కి నగరికి పోయి, మా దూరపు బంధువుల ఇంట్లో పడుకొని, తెల్లవారకముందే ఆ ఊరి కొండ ఎక్కేవాళ్ళం. రేడియో, బ్యాటరీ ఆయన మోసేవారు. కడ్డీల కట్ట, పులిహోర డబ్బా నావి. నాకు ఆ రేడియో మీద ఏ మోజూ లేదు. కొండ మీద ఆయన నాతో మాట్లాడేంత తీరిగ్గా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడరు, అందుకని పోయేదాన్ని.

రెండు వేసవులు ఏమీ వినపడలేదు. మూడో ఏడు ఒక పొద్దున ఆయన యాంటెన్నాను వెదురుగడకు కట్టి, ఈశాన్యానికి తిప్పి, లైసెన్సులో తనకిచ్చిన గుర్తు పేరు, కాల్‌సైన్, చెప్పి పిలుస్తున్నారు. స్పీకర్లోంచి ఇసుక జల్లినట్టు ఒకటే చప్పుడు. నేను అరిటాకు ముక్కల్లో పులిహోర పెడుతున్నాను. ఆ ఇసుకలోంచి ఒక మనిషి గొంతు వచ్చింది. సన్నగా, కానీ మాటలు తెలుస్తున్నాయి.

"పిలస్తా ఉండారు కదా, బదులు చెప్పండి," అన్నాను.

"ఎవురు?"

"వైజాగాయన. ఇదో, మళ్ళా."

ఆయన స్పీకరు మీదికి వంగారు. "ఏం లేదే. చప్పుడే."

"లేదండీ, మీ పేరు కూడా చెప్తా ఉండారు."

ఆయన వాల్యూం పూర్తిగా పెంచారు. తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టుకొని కళ్ళు మూసుకున్నారు. కాసేపయ్యాక ఇయర్‌ఫోన్ పీకేసి, మళ్ళీ స్పీకరు పెట్టి, నా మొహం చూస్తూ అడిగారు. "ఇప్పుడుండాదా?"

"ఉండాది."

"ఇప్పుడు?"

"ఆ. మీరు పిలవండి, ఆయనకు తెలస్తుంది."

"విననిదానికి బదులెట్ల చెప్పేది?" అన్నారు.

ఎండెక్కే కొద్దీ ఆ గొంతు చప్పుడులో కలిసిపోయింది. ఇంక లేదని చెప్పాను. ఆయన ఇయర్‌ఫోన్ తీగను వేళ్ళకు చుట్టుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. పులిహోర ఇద్దరం ముట్టలేదు.

ఆ వారమే పెద్ద రేడియోలో వైజాగాయన ఉత్సాహంగా అన్నారు. "గంటసేపు పిలిచానండి. మీరు పిలిచింది నాకు బాగానే తెలిసింది. మీకేటి, నేను వినపడలేదా?"

"మాకు ఈడ గాలి ఎక్కవ సార్," అన్నారు మా ఆయన. ఆ రోజు కొండ మీద ఆకు కూడా కదల్లేదు. మెట్ల మీద బట్టల బుట్టతో నిలబడి ఆ మాట విన్నాను.

ఎగ్మోర్‌లో చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. చెవి నరం బలహీనపడుతోందని, దానికి మందు లేదని చెప్పాడాయన. మా మామగారికీ నడివయసులో అలాగే అయింది. ఆయన కొట్లో కూర్చొని అడిగిందొకటి, ఇచ్చిందొకటిగా ఉండేవారని అందరూ నవ్వుకునేవారు. మా ఆయన కూడా నవ్వేవారు. చెవికి మిషన్ పెట్టుకుంటే కొట్లో బేరానికి పనికొచ్చింది గానీ రేడియో దగ్గర పనికిరాలేదు. గొంతుతో పాటు ఆ ఇసుక చప్పుడునూ అది అంతే పెద్దది చేసేది.

"నేను లైసెన్సు పరీక్ష రాస్తాను. నేను విని మీకు చెప్తా," అన్నాను ఒకరోజు.

"నీకెందుకే ఈ తంటా?" అన్నారు. మర్నాడు కొట్టు నుంచి వస్తూ పుస్తకం తెచ్చారు.

లైసెన్సు లేనివాళ్ళు మైకు ముట్టుకోకూడదు. వంటయ్యాక ఆయన పాఠం చెప్పేవారు, గొంతు పెద్దది చేసి, వీధంతా వినపడేట్టు. పరీక్ష పాసయ్యాను. పోలీసు విచారణ అయి లైసెన్సు చేతికొచ్చేసరికి ఇంకో వేసవి దాటిపోయింది. అప్పటికి ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది. వైజాగాయనతో మాటలు ఎస్టీడీ బూతు నుంచి నేనే మాట్లాడేదాన్ని.

మళ్ళీ కొండెక్కిన ఏడు, రెండో ఆదివారమే వైజాగాయన దొరికారు. నేను మైకు మీట నొక్కి నా కాల్‌సైన్ చెప్పాను.

"నమస్కారమమ్మా. ఎంత బాగా వినిపిస్తన్నారండి," అన్నారు ఆరువందల కిలోమీటర్ల అవతలి నుంచి. నా సిగ్నల్ ఎలా ఉందో అంకెల్లో చెప్పారు, ఆయనది నేను చెప్పాను. "మీ ఆయన్ని ఒక ముక్క మాట్లాడమనండమ్మా."

మా ఆయన మైకు తీసుకొని నిలబడ్డారు. "నమస్కారం సార్. ఎన్నేండ్లకు! నేను వస్తా ఉండానా మీకు?" మీట వదిలి నా వైపు చూశారు.

"వస్తన్నారండి. మీ గొంతు విని నాకు మాట రావట్లేదు," అన్నారు వైజాగాయన.

ఆ మాటను కుడి చెవి దగ్గర చెప్పాను. తలాడించి మైకు నా చేతిలో పెట్టేశారు.

అంతా అయ్యాక ఆయన కడ్డీలు విప్పుతుంటే అన్నాను. "అయిపోయింది కదా, మీ కోరిక."

"నీది అయింది. నాది కాదులే."

"మీరూ మాట్లాడినారు కదండీ."

"మాట్లాడినా. వినింది నువ్వు. రెండు పక్కలా వింటేనే కాంటాక్టు అనేది." కోపం లేదు మాటలో. మరలన్నీ డబ్బాలో వేసి మూత పెట్టి, "బాగా మాట్లాడినావు. బెదురుతావేమో అనుకున్నా," అన్నారు.

అలా మాట్లాడుకున్నవాళ్ళు గుర్తుగా పోస్టులో కార్డు పంపుకోవడం హాముల ఆనవాయితీ. వైజాగ్ నుంచి రెండు వచ్చాయి, నాకొకటి, ఆయనకొకటి. నాది అద్దం కట్టించి మేడ గదిలో తగిలించారు. తనది కవర్లో పెట్టి వెనక్కి పంపమని నాకిచ్చారు. వైజాగాయన నొచ్చుకుంటారేమోనని ముందుగా ఫోను చేశాను.

"పంపండమ్మా. నా దగ్గరే ఉంచుతాను," అన్నారు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు కొండకు పోయాం. యాంటెన్నా ఆయనే తిప్పేవారు, నా మొహం చూస్తూ. గొంతు పెరిగితే నా కనుబొమలు కదిలేవట, అక్కడ ఆపేవారు. ఇంట్లో ఒకసారి స్పీకరు అట్ట మీద వేలి కొస ఆనించి కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళు మాట్లాడితే అదురు తెలుస్తోందని చెప్పారు. కొండ మీదా అలాగే చేసి చూశారు. దూరపు గొంతు వేలికి అందలేదు. ఆపైన మోకాళ్ళ నొప్పులని కొండకు రావడం మానేశారు. ఇంటి మెట్లు మాత్రం రోజూ ఎక్కి దిగేవారు. నేను ఒక్కసారి వేరే హాములతో పోయాను. యాంటెన్నా ఎవరో తిప్పారు. ఎవరూ నా మొహం చూడలేదు. ఇంక పోలేదు.

పొద్దుటి పూట ఊళ్ళో హాములందరూ వీహెచ్‌ఎఫ్‌లో పలకరించుకుంటారు. ఒకరోజు ఆయన నా పక్కన కూర్చొని పేపరు చదువుతుంటే, అంబత్తూరు నుంచి ఒకాయన మా ఆయన ఎలా ఉన్నారని అడిగారు. బాగున్నారని చెప్పాను. నా పెదవులు కదలడం చూసి ఆయన తలెత్తారు.

"ఎవురు?"

దగ్గరికి పోయి చెప్పాను.

"నేనూ అడిగినానని చెప్పు," అని మళ్ళీ పేపర్లోకి వంగారు.