రేపటికల్లా ఒక తమ్ముడు

నేను డిగ్రీ పాసయ్యాను! మా వంశంలో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. తిరువూరులో బస్సు దిగగానే, నాకు అక్షరాలు నేర్పిన మేడంకి చెప్పినట్టుంటుందని నా చిన్నప్పటి బడికే పరిగెత్తాను. ఇన్నేళ్లుగా ఉన్నట్టే తాళం వేసి ఉంది. లోపల ఎవరో మాగవేసిన మామిడికాయల వాసన కిటికీలోంచి వస్తోంది.

నేను రెండో తరగతిలో ఉండగా ఒకరోజు మేడం అన్నారు: "పిల్లలు చాలకపోతే బడి మూసేస్తారర్రా. రేపు మీ తమ్ముళ్లనో చెల్లెళ్లనో తీసుకురండి, చేర్చుకుంటాను."

పరుగున ఇంటికెళ్లాను. "అమ్మా, రేపటికల్లా నాకో తమ్ముడు కావాలి!"

అమ్మ గంజి వారుస్తూ పకపకా నవ్వింది. "తమ్ముడేమన్నా సంతలో దొరుకుతాడా పిల్లా? నిన్నొక్కదాన్నన్నా బాగా చదివిద్దామనే కదే ఆపరేషన్ చేయించుకున్నా!"

ఆపరేషన్ అంటే జ్వరం లాంటిదనుకున్నాను.

మర్నాడు మేడం గేటు దగ్గరే నిలబడ్డారు. మేం పదకొండుమందిమి వచ్చాం. ఆవిడ ఒక్కొక్కరి వెనకా చూశారు. ఎవరి వెంటా ఎవరూ రాలేదు.

"మా అమ్మకి ఆపరేషన్ తగ్గిపోగానే తమ్ముడొస్తాడు మేడం," అని ధైర్యం చెప్పాను.

ఆవిడ నా తల నిమిరి, "లోపలికి పదమ్మా," అన్నారు.

ఆ ఏడాదితో బడి మూసేశారు. నేనొక్కదాన్నే కాబట్టి అమ్మ నన్ను డిగ్రీ దాకా చదివించగలిగింది. మా వీధిలో ప్రతి అమ్మా అలాగే అనుకుంది. ఎవరినీ తప్పు పట్టలేను. ఆ బడికి మాత్రం ఇక పిల్లలు రారు.